ట్రాక్ టైర్లు ఎలా ఎంచుకోవాలి, గాలి ఎలా సెట్ చేసుకోవాలి?

అనంతపురం నుంచి ట్రాక్ డేకి, అంటే సొంత కారును రేసు ట్రాక్ మీద నడిపే రోజుకు, వెళ్ళాలంటే మనకు చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ సర్క్యూట్టే గతి. కదిరి, మదనపల్లె, చిత్తూరు, రాణిపేట మీదుగా పోతే చెన్నై ఊళ్ళోకి దిగకుండానే ట్రాక్ వచ్చేస్తుంది. దానికోసం మనవాళ్ళు చేయని ఖర్చు లేదు. ఎగ్జాస్ట్ మారుస్తారు, ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) రీమ్యాప్ చేయిస్తారు, తలుపుల మీద నంబర్లు అతికిస్తారు. టైర్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం బైపాస్ మీద పంచర్ షాపు అబ్బాయి "ఎంత పెట్టల్లన్నా?" అని అడిగితే "నువ్వే చూసి పెట్టబ్బా" అంటారు. అక్కడితో మిగతా ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరు.

టైరు ఎంచుకోవడం పెద్ద బ్రహ్మవిద్య కాదు. బిగించడం అంతకన్నా తేలిక. కష్టమంతా గాలి దగ్గరే ఉంది. అందుకే మొదటి రెండు పనులు గబగబా ముగించి అసలు సంగతికి వస్తాను.

ఏ టైరు కొనాలి?

దిగుమతి టైర్ల పక్కగోడ మీద 'ట్రెడ్‌వేర్' అని ఒక అంకె ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ రబ్బరు మెత్తన, పట్టు ఎక్కువ, ఆయుష్షు తక్కువ. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ మీద 300 ఉంటుంది. బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా ఆర్ఈ-71ఆర్ఎస్, యొకోహామా అడ్వాన్ ఏ052 లాంటివి 200. టోయో ఆర్888ఆర్ 100. ఈ అంకె ఆయా కంపెనీలు తమ పరీక్షల్ని బట్టి తామే వేసుకునేది కాబట్టి ఒక కంపెనీ 200ను ఇంకో కంపెనీ 200తో తూకం వేయకండి. ఏ కోవకు చెందిన టైరో తెలుసుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

మొదటి ఏడాది ట్రాక్‌కు వెళ్ళేవాళ్ళు 300 ప్రాంతంలో ఉన్నదే కొనాలి. ఇందులో వాదన లేదు. ఆ టైరు జారబోయే ముందు కీచుమని అరుస్తుంది, స్టీరింగ్‌లో తెలుస్తుంది, సర్దుకోవడానికి సమయమిస్తుంది. 100 రకం చివరిదాకా పట్టుకుని ఉండి ఒక్కసారిగా వదిలేస్తుంది. పైగా దాని గాడులు నీళ్ళను సరిగా తోడలేవు. అనంతపురంలో వానెక్కడిదని అనుకోవద్దు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నై వైపు ఈశాన్య రుతుపవనాలు ఎలా కొడతాయో అందరికీ తెలుసు. రెండో ఏడాది, చేయి తిరిగాక 200కు రండి. 100 రకం ట్రక్కు మీద కారెక్కించుకుని వెళ్ళేవాళ్ళకు.

దొరకడం ఇంకో తలనొప్పి. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలో పెట్టాక ఈ మెత్తటి రకాలు కొన్ని సైజుల్లో కంటికి కనపడవు. "స్టాక్ ఉంది సార్" అని ఎవరైనా ఫోన్లో అంటే ముందు పక్కగోడ ఫోటో పెట్టమనండి. డాట్ (DOT) అక్షరాల వెంట ఉండే వరసలో చివరి నాలుగంకెలు చూడాలి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని అర్థం. ట్రాక్ టైరు రెండేళ్ళు దాటిందంటే నేను సగం ధరకిచ్చినా ముట్టుకోను. గోదాములో పడి ఉన్న మెత్తటి రబ్బరు చూడటానికి కొత్తగానే ఉంటుంది, గోరుతో నొక్కితే తెలుస్తుంది.

సైజు కారు కంపెనీ ఇచ్చినదే వేయండి. 225/45 ఆర్17 91డబ్ల్యూ అంటే 225 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 45 శాతం పక్కగోడ ఎత్తు, 17 అంగుళాల రిమ్ము. 91 అంటే టైరుకు 615 కిలోల బరువు దాకా, డబ్ల్యూ అంటే గంటకు 270 కిలోమీటర్ల దాకా. చివరి రెండూ కంపెనీ చెప్పినదానికన్నా తగ్గకూడదు. ఇరుకు రిమ్ముకు వెడల్పు టైరు ఎక్కించి "కండ పట్టింది చూడన్నా" అని మురిసిపోయేవాళ్ళున్నారు. మలుపులో ఆ టైరు పక్కకు ఒరిగి తన గోడ మీద తానే నడుస్తుంది.

బిగించడం

రబ్బరు వాల్వ్ తీసేసి లోహపు వాల్వ్ వేయించండి, మూతలు తప్పనిసరి. బ్యాలెన్సింగ్ చేయించండి. అలైన్‌మెంట్ షాపులో టో, అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం, సున్నాకు తెమ్మనండి. ముందు చక్రాల కాంబర్, అంటే టైరు తల లోపలికి వాలడం, మైనస్ రెండు డిగ్రీల దగ్గరుంటే మంచిది. చాలా షాపుల్లో "ఈ బండికి కాంబర్ తిరగదు సార్" అంటారు. కాంబర్ బోల్టులని విడిగా దొరుకుతాయి, అవి వేస్తే చాలా కార్లలో ఒకటి, ఒకటిన్నర డిగ్రీ కలిసొస్తుంది. రోజూ అదే కారులో ఆఫీసుకు వెళ్ళేవాళ్ళయితే టైరు లోపలి అంచు త్వరగా అరుగుతుందని తెలిసే చేయించుకోండి.

వీల్ బోల్టులు టార్క్ రెంచ్‌తోనే, అంటే ఎంత బిగువు పడిందో కొలిచే పానాతోనే. ఎన్ని న్యూటన్ మీటర్లో మీ కారు పుస్తకంలో ఉంటుంది, ఫోక్స్‌వాగన్ పోలోకైతే 120. ఎదురెదురుగా, నక్షత్రం గీసినట్టు బిగించాలి. మరలకు నూనె రాయకూడదు. గాలి గన్నుతో టరటరమని బిగించి "గట్టిగా పట్టించినా సార్" అంటే నవ్వి ఊరుకోండి, బోల్టులన్నీ వదులు చేసి మళ్ళీ రెంచ్‌తో బిగించుకోండి. ట్రాక్‌లో మొదటి సెషన్ (ఒక విడత నడపడం) అయ్యి, చక్రాలు చల్లబడ్డాక ఇంకోసారి చూడాలి.

కొత్త టైర్లతో మొదటి సెషన్ నెమ్మదిగా మొదలుపెట్టి కొంచెం కొంచెంగా వేడెక్కించండి. ఒకసారి బాగా వేడెక్కి, ఒక రాత్రి పూర్తిగా చల్లారిన రబ్బరు ఎక్కువ రోజులు నిలుస్తుంది.

గాలి: ఇక్కడే అందరూ తప్పుతారు

డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉన్న అంకె రోడ్డు కోసం, అదీ చల్లటి టైరుకు. ట్రాక్‌లో మనకు కావలసింది వేడి అంకె. నాలుగు ల్యాపులు (ట్రాక్ చుట్టూ చుట్లు) గట్టిగా తిప్పాక టైరు లోపలి గాలి ఎంతకు చేరిందన్నదే లెక్క. ప్రతి 10 డిగ్రీల వేడికి గాలి ఒత్తిడి సుమారు ఒకటిన్నర పీఎస్ఐ (గేజ్ చూపించే కొలత) పెరుగుతుంది. పొద్దున 28 డిగ్రీల వేడిలో 28 పీఎస్ఐ పెట్టారనుకోండి, లోపలి గాలి 80 డిగ్రీలకు చేరితే గేజ్ 35 దాటి చూపిస్తుంది. అదే మీరు స్టిక్కర్ చూసి పొద్దున్నే 34 పెట్టి ట్రాక్ ఎక్కితే మూడో ల్యాపుకల్లా 42 అవుతుంది. టైరు మధ్యలో ఉబ్బి, అంచులు నేలను సరిగా తాకవు. కారు మంచు మీద నడిచినట్టు జారుతుంది. అప్పుడు అందరూ సస్పెన్షన్‌ను తిడతారు.

పెద్ద బరువులేని కారుకు, 200 రకం టైరుకు వేడి మీద 32 నుంచి 36 మధ్య ఎక్కడో ఒకచోట సరిపోతుంది. నేను 34తో మొదలుపెడతాను, మీరూ అంతే చేయండి. టైరు కంపెనీ ప్రత్యేకంగా ఏదైనా అంకె చెప్పి ఉంటే దాన్నే పట్టుకోవాలి.

పద్ధతి ఇది. పొద్దున ఎండ పొడ తగలకముందే నాలుగింటికీ 28 పెట్టండి. ఎండ పడిన తర్వాత కొలిస్తే సూర్యుడి వైపున్న రెండు టైర్లు ఎక్కువ చూపిస్తాయి, మీరు అది నిజమనుకుని గాలి తీసేస్తారు. ఇంటి దగ్గర పెట్టుకుని వచ్చాం కదా అని వదిలేయకండి. అనంతపురం సముద్రమట్టానికి 300 మీటర్లకు పైనే ఉంది, చెన్నై దాదాపు సముద్రం పక్కనే. అంత కిందికి దిగితే బయటి గాలి ఒత్తిడి పెరిగి, గేజ్ అర పీఎస్ఐ తగ్గించి చూపిస్తుంది. వాతావరణం తేడా దానికి అదనం. ట్రాక్ అంకెలు ట్రాక్ దగ్గరే పెట్టుకోవాలి.

గేజ్ ఒక్కటే ఉండాలి, అది మీదై ఉండాలి. బంకులో గేజ్ ఒకటి, స్నేహితుడి గేజ్ ఇంకొకటి చెబుతాయి. మీ గేజ్ అర పీఎస్ఐ తప్పు చూపించినా ఫర్వాలేదు, ప్రతిసారీ అదే తప్పు చూపిస్తే చాలు. గాలి వదలడానికి బటన్ ఉన్నది కొనండి.

ఇక ట్రాక్ మీదికి. ఒక ల్యాపు వేడెక్కడానికి, మూడు నాలుగు గట్టిగా, ఒకటి బ్రేకులు చల్లబడటానికి. పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి, వచ్చి ఆపాక హ్యాండ్ బ్రేక్ వేయకండి, గేర్లో పెట్టి చక్రం కింద అడ్డు పెట్టండి. హెల్మెట్ తీయడం, నీళ్ళు తాగడం, ల్యాప్ టైమ్ గురించి గొప్పలు చెప్పుకోవడం, అన్నీ తర్వాత. ముందు గేజ్ చేతిలోకి. రెండు నిమిషాల్లో నాలుగూ కొలవాలి. కుడి మలుపులు ఎక్కువున్న ట్రాక్‌లో ఎడమవైపు టైర్ల మీదే భారం పడుతుంది కాబట్టి ముందు ఎడమ ముందు టైరు, తర్వాత ఎడమ వెనకది, ఆ తర్వాత కుడివి. ప్రతిసారీ ఇదే వరస. 37, 35, 36, 34 అని ఇలా వేర్వేరు అంకెలు వస్తాయి. ఎక్కువున్న ప్రతిదాన్నీ 34కు దించండి.

అంకె సరైందో కాదో టైరే చెబుతుంది. సెషన్‌కు ముందు టైరు భుజం మీద, నడిచే భాగం నుంచి పక్కగోడ దాకా చాక్‌పీస్‌తో మూడు చోట్ల అడ్డంగా గీతలు గీయండి. చాలా టైర్లకు ఆ భుజం దగ్గర చిన్న త్రికోణం గుర్తు అచ్చు వేసి ఉంటుంది. తిరిగొచ్చాక గీత ఆ త్రికోణం కొన దగ్గర చెరిగి ఆగితే బాగుంది. దాన్ని దాటి గోడ మీద కూడా చెరిగిందంటే టైరు ఒరుగుతోంది, ఒక పీఎస్ఐ ఎక్కించండి. త్రికోణం దాకా రాకుండానే ఆగిందంటే గాలి ఎక్కువైంది. ఇంకా పక్కాగా కావాలంటే సూది గుచ్చే థర్మామీటర్‌తో లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడు చోట్లా చూడాలి. మధ్య ఎక్కువ వేడిగా ఉంటే గాలి ఎక్కువ, రెండంచులూ వేడిగా ఉంటే గాలి తక్కువ, బయటి అంచే మండిపోతుంటే కాంబర్ చాలలేదు. ఎర్ర లైటు వేసి వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో పైపైన చూస్తే లాభం లేదు, పిట్‌లోకి వచ్చేలోపు పైపొర చల్లారిపోతుంది.

మధ్యాహ్నం సెషన్‌కు తారు ఇంకా కాలుతుంది, గేజ్ మళ్ళీ పెరుగుతుంది. కాబట్టి ప్రతి సెషన్ తర్వాతా ఇదే పని. పొద్దున ఒకసారి సెట్ చేసి సాయంత్రం దాకా వదిలేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. రోజు చివర టైర్లు పూర్తిగా చల్లారాక నాలుగు అంకెలూ కొలిచి పుస్తకంలో రాసుకోండి, పక్కనే ఎండ ఎంతో కూడా. 27, 28, 27.5, 28.5 ఇలా ఏదో వస్తుంది. మళ్ళీ అదే ట్రాక్‌కు వెళ్ళినప్పుడు పొద్దున మొదలుపెట్టాల్సిన అంకెలు అవే.

నైట్రోజన్ సంగతి ఎవరో ఒకరు అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. తేడా వచ్చేది తేమ వల్ల, తేమ ఉన్న గాలి వేడికి కాస్త ఎక్కువ పెరుగుతుంది. రేసు జట్లకు అది ముఖ్యం. మనకు పొడి గాలి ఇచ్చే కంప్రెసర్ ఉంటే చాలు, ట్యాంకు అడుగున నీళ్ళు నెలకోసారైనా వదిలే షాపు చూసుకోండి.

ఇంటికి బయల్దేరే ముందు

ఇది మరిచిపోతే ప్రాణం మీదికి వస్తుంది. వేడి మీద 34కు దించిన టైరు చల్లారాక 27కు పడుతుంది. స్టిక్కర్ 34 అంటుంది. ఇద్దరు మనుషులు, డిక్కీలో జాకీ, పనిముట్లు, హెల్మెట్లు, హైవే మీద వంద స్పీడు. గాలి తక్కువైన పక్కగోడ మడత పడి విప్పుకుంటూ లోపలే కాగుతుంది, బయటికి ఏమీ కనపడదు. పన్నెండు వోల్టుల గాలి మిషన్ డిక్కీలో పెట్టుకుని, టైర్లు చల్లారాక స్టిక్కర్ అంకెకు నింపి, ఆ తర్వాతే గేటు దాటాలి. "ఎండాకాలం కదన్నా, గాలి తక్కువ పెట్టుకుంటే మంచిది" అని మన సీమలో నూటికి తొంభైమంది చెప్పే మాట వినకండి. గాలి తగ్గితే టైరు ఇంకా వేడెక్కుతుంది, తగ్గదు. మన ఏప్రిల్, మే ఎండల్లో హైవే పక్కన పగిలి పడి ఉన్న టైర్ల తునకలు చూస్తూనే ఉంటాం, వాటిలో చాలావాటి కథ ఇదే.

నింపేటప్పుడే ట్రెడ్ మీద చేయి పెట్టి నిమరండి. అంచుల్లో దారాలు తేలినా, గోడ మీద బుడిపె కనపడినా ఆ టైరుతో హైవే ఎక్కకూడదు. గాడుల మధ్య ఉండే 1.6 మిల్లీమీటర్ల గుర్తు దాకా అరిగితే రోడ్డుకు కూడా పనికిరాదు.

ఇంట్లో ఆ టైర్లు విప్పి దాచేట్టయితే నీడలో, నల్లటి కవర్లో, నీళ్ళ మోటారుకు దూరంగా పెట్టండి. మోటారు నడిచేటప్పుడు పుట్టే ఓజోన్ రబ్బరును పగలగొడుతుంది. మేడ మీద ఎండలో వదిలేస్తే రెండు వేసవులకే చెక్కలవుతాయి.

గాలి మిషన్ ఎలాగూ బయటికి తీశారు కదా, స్టెప్నీలో కూడా ఒకసారి చూసి నింపండి. చిన్న స్టెప్నీ అయితే దాని అంకె వేరే ఉంటుంది, 60 పీఎస్ఐ దాకా అడుగుతుంది, దాని గోడ మీదే రాసి ఉంటుంది.