జేబులో పట్టే కెమెరా కొనేముందు

ముందు చూడాల్సింది మెగాపిక్సెళ్లు కాదు, సెన్సర్ (వెలుతురును పట్టి ఫొటోగా మార్చే చిప్) సైజు. చవక కాంపాక్ట్‌లలో (జేబు కెమెరాల్లో) ఎక్కువగా 1/2.3 అంగుళాల సెన్సర్ ఉంటుంది. ‘1 అంగుళం’ అని రాసి ఉన్న సెన్సర్ (పేరుకే అంగుళం, నిజానికి 13.2 × 8.8 మి.మీ.) వైశాల్యం దానికి సుమారు 4 రెట్లు. రాత్రిపూట పెళ్లి మండపంలో తీసి చూడండి, తేడా కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

వీడియోలే ఎక్కువ తీస్తారా? అయితే సోనీ జడ్‌వీ-1, కానన్ జీ7ఎక్స్ మార్క్ 3 లాంటివి చూడండి. రెండింటికీ బయటి మైకు పెట్టుకోవచ్చు, ఎండలో వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ లోపలే ఉంటుంది. మైకు సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మా చెల్లి సీమంతం మైకు లేకుండా తీస్తే అమ్మమ్మ పాడిన పాటంతా ఫ్యాన్ హోరులో కలిసిపోయింది. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

స్టేజీ మీద పిల్లల డాన్సు దూరం నుంచి తీయాలంటే సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7 నయం, జూమ్ 200 మి.మీ. దాకా వెళ్తుంది (ఈ అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నవి దగ్గరగా కనిపిస్తాయి). కాకపోతే అంత జూమ్‌లో లెన్స్ రంధ్రం ఎఫ్4.5 కంటే వెడల్పుగా తెరుచుకోదు, వెలుతురు తక్కువ వస్తుంది, కాబట్టి లైట్లు తక్కువైతే ఇబ్బందే.

ధరలో ఇంకో బ్యాటరీ కూడా కలిపి లెక్కేసుకోండి. 4కే (బాగా స్పష్టమైన) వీడియో తీస్తే వీటి బ్యాటరీ గంటసేపు రావడం కష్టం.