డీఎన్ఏ విడిపోయే లెక్క – 4వ పాఠం: మూడో పోగు

పోయినసారి ఇచ్చిన లెక్క ఇది: ఒక డీఎన్ఏ జంటలోని రెండు పోగులు ఏ ఉష్ణోగ్రత దగ్గర సగం విడిపోతాయి? దీన్నే కరిగే ఉష్ణోగ్రత అంటాం. చాలామంది 82 డిగ్రీలని రాశారు. రావలసింది 40. ఈ తేడా తేలకుండా మూడో పోగు జోలికి వెళ్లలేం.

జంటను విడదీయడానికి మోలుకు 80,000 కేలరీలు, విడిపోతే పెరిగే ఎంట్రోపీ (చెదిరిపోయే తీరుకు కొలత) మోలుకు, కెల్విన్‌కు 225 కేలరీలు. మొదటిదాన్ని రెండోదానితో భాగించేశారు: 355.6 కెల్విన్, అంటే 82 డిగ్రీలు. సగం విడిపోయిన చోట విడిపోయే స్థిరాంకం (విడిపోయినవాటి గాఢతల లబ్ధాన్ని కలిసున్నదాని గాఢతతో భాగిస్తే వచ్చేది) 1 అని ఒప్పుకుంటేనే ఆ భాగహారం చెల్లుతుంది. తనమీద తానే మడతపడే ఒంటి పోగుకు, అంటే హెయిర్‌పిన్‌కు, అది నిజమే. మూసుకున్నవెన్నో తెరుచుకున్నవీ అన్నే కనుక గాఢత ఊసే రాదు. రెండు వేరు పోగుల సంగతి అలా కాదు. ద్రావణం పలచనయ్యేకొద్దీ విడిపోయిన పోగు తిరగడానికి చోటు పెరుగుతుంది, మళ్లీ జోడీ దొరకడం కష్టమవుతుంది. 225 అనేది 1 మోలార్‌కు కట్టిన అంకె. మన గొట్టంలో పోగులు మొత్తం కలిపి 1 మైక్రోమోలారే.

మొత్తం గాఢతను 'గ' అందాం. రెండు రకాలూ సమానం. సగం విడిపోయినప్పుడు జంటలు గ/4, ఒంటరి పోగులు ఒక్కో రకం గ/4. అంటే విడిపోయే స్థిరాంకం గ/4. దాని సహజ సంవర్గమానాన్ని 1.987తో గుణించి 225లోంచి తీసేయండి. సంవర్గమానం రుణాత్మకం కాబట్టి 255.2 అవుతుంది. ఇప్పుడు భాగిస్తే 313.5 కెల్విన్, అంటే 40 డిగ్రీలు. గాఢత పదింతలు చేస్తే 46. గాఢత చెప్పకుండా ఎవరైనా కరిగే ఉష్ణోగ్రత చెబితే ఆ అంకెను నేను లెక్కలోకి తీసుకోను.

ఇక మూడో పోగు, అంటే జంటకు ఇంకో పోగు వచ్చి చేరడం. శాస్త్రవేత్తలు ఫెల్సెన్‌ఫెల్డ్, డేవీస్, రిచ్ 1957లో దీన్ని ఆర్ఎన్ఏలో చూపించారు: ఒక అడినిన్ పోగుకు రెండు యురసిల్ పోగులు. మూడోది జంట హెలిక్స్ పెద్ద గాడిలో హూగ్‌స్టీన్ బంధాలతో (జంట కట్టిన బేసుకు మరో అంచున పడే హైడ్రోజన్ బంధాలు) ఒదుగుతుంది. అందులో సైటోసిన్లుంటే వాటికి ప్రోటాన్ (హైడ్రోజన్ అయాన్) కావాలి, అందుకే ఆమ్ల ద్రావణంలోనే బాగా నిలుస్తుంది.

మూడు రకాలూ సమానంగా ఉండి ఒక్కసారే విడిపోతే స్థిరాంకం (గ/6)². వర్గం వచ్చింది కనుక సంవర్గమానం రెట్టింపై, గాఢత పట్టు బిగుస్తుంది. అయితే చాలాసార్లు మూడో పోగు ముందే ఊడిపోతుంది, జంట ఇంకా వేడెక్కాక విడిపోతుంది. పోగులు విడిపోయేకొద్దీ 260 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ పెరుగుతుంది; దాన్ని ఉష్ణోగ్రతకు ఎదురుగా గీస్తే రెండు మెట్లు కనిపిస్తాయి. అలా కనిపిస్తే వర్గం వాడకండి. ఒక్కో మెట్టు దగ్గరా విడిపోయేవి రెండే కాబట్టి రెండు చోట్లా స్థిరాంకం గ/6. గీత చూడకుండా సూత్రం ఎంచుకోవద్దు.

అభ్యాసం: ఒకే రకం పోగులు నాలుగు కలిసి గ్వానిన్ చతుష్కం (నాలుగేసి గ్వానిన్లు చదరంగా కట్టుకునే ఆకారం) కట్టాయి. సగం విడిపోయిన చోట స్థిరాంకం గ³/2 అని రాబట్టండి. తర్వాత, మన క్రోమోజోముల కొసల్లోని టీటీఏజీజీజీ వరస నాలుగుసార్లున్న ఒకే పోగు మడతపడి అలాంటి చతుష్కమే కట్టిందనుకోండి. గాఢత పదింతలైతే దాని ఉష్ణోగ్రత ఎంత మారుతుందో, ఎందుకో రాయండి.