తాళంచెవి చేతికొచ్చేదాకా: అద్దెకీ సొంతింటికీ మధ్య నెట్టుకురావడం

మా బిల్డరు ఉగాదికి తాళాలిస్తానన్నాడు. ఇచ్చింది కార్తీకంలో. ఆ ఎనిమిది నెలలూ ఓనరమ్మకు అద్దె, బ్యాంకుకు వడ్డీ రెండూ కట్టాం. నేను కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా ఆయనకు సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉంది. అప్పట్లో వెంకటరమణ కాలనీలో మేడ మీద పోర్షన్, అద్దె 9,000. కొన్నది నంద్యాల చెక్‌పోస్టు వైపు, 40 లక్షల డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు. చుట్టాలంతా వాస్తు చెప్పారు, వడ్డీ చెప్పారు. ఈ ఎనిమిది నెలల సంగతి ఒక్కరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నా.

ఫ్లాటు చూడకముందే ఈఎంఐ కట్టడం మొదలుపెట్టండి. బ్యాంకుకు కాదు, మీ ఆర్‌డీకి, అంటే నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌కి. మేం మొదట 52 లక్షల ట్రిపుల్ బెడ్‌రూమ్ మీద మనసు పడ్డాం. 80 శాతం లోను అంటే 41 లక్షల 60 వేలు. 8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్ళకి నెలకు 36,100. అద్దె 9,000 ఎలాగూ కడుతున్నాం కాబట్టి మిగతా 27,100 ప్రతి నెలా ఆర్‌డీలో వేయాలని పెట్టుకున్నాం. రెండు నెలలు వేశాం. మూడో నెలలో ఆడపడుచు వాళ్ళ పిల్ల పెళ్ళి వచ్చింది, అంతే, చేతులెత్తేశాం. ఆ రోజే ట్రిపుల్ బెడ్‌రూమ్ మాట వదిలేశాం. 40 లక్షల ఫ్లాటుకు 32 లక్షల లోను, నెలకు 27,770. అంటే ఆర్‌డీలో వేయాల్సింది 18,800 దాకా. అది పది నెలలు తప్పకుండా కట్టగలిగాం, 1,88,000 చేరింది. ఒక పని మాత్రం చేయండి: ఈ డబ్బును డౌన్ పేమెంటులో కలపొద్దు. ఎందుకో కింద చెబుతా.

చేతి డబ్బు లెక్కలో చాలామంది బోర్లా పడేది ఇక్కడే. లోను 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉంటే రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం బ్యాంకులు ఇంటి విలువలో 80 శాతం దాకానే ఇస్తాయి. మాకు 8 లక్షలు సొంతంగా పెట్టాల్సి వచ్చింది. మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, వెరసి 7.5 శాతం. 40 లక్షల మీద అది 3 లక్షలు, దీన్ని బ్యాంకు లోనులో కలపదు. కడుతున్న ఫ్లాటైతే జీఎస్టీ ఉంటుంది. అందరూ 5 శాతం అనుకుంటారు. కానీ కర్నూలులాంటి ఊళ్ళో కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపలి వాడుకునే చోటు, 90 చదరపు మీటర్లు, అంటే సుమారు 968 చదరపుటడుగులు దాటకుండా, పార్కింగ్ వగైరా కలుపుకుని 45 లక్షలు మించకుండా ఉంటే 1 శాతమే. మా బిల్డరు 5 శాతంతో కాగితం రాసిచ్చాడు. షాపు పక్కన ఉండే ఆడిటర్ అన్న చూసి చెప్పకపోతే లక్షా అరవై వేలు ఊరికే పోయేవి.

బిల్డర్‌కు డబ్బిచ్చే ముందు ఆ ప్రాజెక్టుకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని అడగండి. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా ఆ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, మన ఊరి చిన్న అపార్టుమెంట్లు కొన్ని అలా తప్పించుకుంటాయి. నంబరు ఉంటే రెండు పట్లు మీ చేతిలో ఉంటాయి. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. చెప్పిన తేదీకి ఇవ్వకపోతే, మీరు ఫ్లాటు వదులుకోనంత వరకు ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ ఇవ్వాలి. ఇది రావాలంటే అగ్రిమెంటులో తేదీ ఉండాలి. ‘ఉగాదికి’ అని నోటితో చెబితే అది ఏ ఉగాదో ఎవరికి తెలుసు?

ఇక అసలు సంగతి. కడుతున్న ఫ్లాటుకు బ్యాంకు లోను ఒకేసారి ఇవ్వదు, పని జరిగేకొద్దీ విడతలుగా ఇస్తుంది. ఇచ్చినంతకు నెలనెలా వడ్డీ కట్టాలి, దీన్ని ప్రీ ఈఎంఐ అంటారు. అసలు ఒక్క రూపాయి తగ్గదు. మాకు 40 శాతం విడుదలయ్యేసరికి నెలకు 9,070 పడింది. 80 శాతానికి 18,130. అద్దె 9,000 కలిపితే 27 వేలు. ఆర్‌డీ రిహార్సల్‌లో అలవాటైన అంకే కాబట్టి టెన్షన్ లేకుండా గడిచింది. తప్పు ఆ తర్వాత చేశాం. చివరి విడత విడుదల చేయడానికి బ్యాంకు మా సంతకం అడిగింది. ‘పది రోజుల్లో లిఫ్టు పెడతాం మేడం, సంతకం పెట్టేయండి’ అన్నాడు బిల్డరు. పెట్టేశాను. చివరి విడత పడగానే పూర్తి ఈఎంఐ మొదలైంది. లిఫ్టు రావడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ పూర్తి ఈఎంఐ 27,770, పైగా అద్దె. మేం ఒకసారి చేతులెత్తేసిన 36 వేల కంటే ఎక్కువ. ఆర్‌డీ డబ్బు ముట్టుకోకుండా ఉంచినందుకు అప్పు చేయకుండా బయటపడ్డాం. మీరు మాత్రం లిఫ్టు తిరిగి, కరెంటు మీటరు బిగించి, తాళం చేతిలో పడే రోజు దాకా ఆ సంతకం పెట్టొద్దు.

ఇంతలో మా అద్దె అగ్రిమెంటు జూన్‌లో అయిపోయింది. అద్దె కాగితాలు ఎక్కువగా 11 నెలలకే రాస్తారు కదా. ఓనరమ్మ కొడుకు బెంగళూరు నుంచి వచ్చేస్తున్నాడని తెలిసింది. ఫోన్లో కాదు, మిఠాయి తీసుకుని కిందికి దిగి మాట్లాడాను.

‘పెద్దమ్మా, ఇంగ కొన్ని నెలలే. దీపావళి దాటనియ్యి.’

‘నీ ఫ్లాటు సంగతి నాకేమి తెలుసు పాపా, వాడొస్తే యాడ పండుకోవాల?’

చివరికి అద్దె 500 పెంచి, ఇద్దరిలో ఎవరైనా నెల ముందు చెబితే చాలు అని తెల్ల కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకున్నాం. ఆ 500 దండగ అని మా ఆయన గొణిగాడు. మళ్ళీ వేరే ఇల్లు పట్టుకుంటే రెండు నెలల అడ్వాన్సు, బ్రోకరు కమిషను, బండి కిరాయి. కొన్ని నెలల కోసం ఎవరిస్తారసలు ఇల్లు? కొత్త 11 నెలల కాగితం మీద మాత్రం సంతకం చేయకండి, మధ్యలో ఖాళీ చేస్తే అడ్వాన్సు గోవిందా.

ఈ నెలల్లో కొత్త అప్పు పెట్టుకోవద్దు. మా ఆయన బండి ఫైనాన్సులో తీసుకుంటానన్నాడు. లోను విడతలు మిగిలుండగా ఈఎంఐ ఒక్కటి తప్పినా సిబిల్ స్కోరు (అప్పు తీర్చే తీరుకు వేసే మార్కు) దెబ్బతింటుంది, పాత బండికే కొత్త బ్యాటరీ వేయించాను. అత్యవసరమైతే పర్సనల్ లోను కంటే బంగారం కుదువ పెట్టడం మేలు, వడ్డీ తక్కువ. విడిపించే నెల ముందే రాసి పెట్టుకోండి, లేకపోతే గాజులు బ్యాంకులోనే ఉండిపోతాయి.

ముహూర్తాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. ఆషాఢంలో, భాద్రపదంలో మా ఇళ్ళలో గృహప్రవేశం చేయరు. తాళం ఆషాఢంలో వస్తే శ్రావణం దాకా ఇంకో నెల అద్దె. నాకు నమ్మకం తక్కువే, మా అత్తకు ఎక్కువ, కాబట్టి ఆ నెల డబ్బు కూడా పక్కన పెట్టాను.

తాళం వచ్చిన రోజే పాత ఇల్లు ఖాళీ చేయకండి. ఒక పదిహేను రోజులు రెండూ చేతిలో ఉండనివ్వండి. ఒక రాత్రి చాప వేసుకుని కొత్తింట్లో పడుకున్నాం. తెల్లవారి ఐదింటికి అన్ని ఫ్లాట్లవాళ్ళూ కుళాయి తిప్పాక పైకి నీళ్ళు ఎక్కట్లేదని అప్పుడే తెలిసింది. కింద పోర్షన్ చూసుకునేవాళ్ళు 2009 వరదలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఆ వీధిలో పెద్దవాళ్ళను అడగండి. ఆ అక్టోబరు 2న మేం వన్‌టౌన్‌లో ఉన్నాం. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్ళోకి వచ్చాయి. మా నాన్న పాస్‌బుక్కులు, డాక్యుమెంట్లు అన్నీ ముద్దయ్యాయి. అందుకే ఫ్లాటు కాగితాలు, లోను కాగితాలు, నగలు ఒక సంచిలో పెట్టి సామాను బండిలో వేయకుండా ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వెళ్ళాను.

బయలుదేరేముందు ఓనరమ్మను పైకి పిలిచి గోడలు, కుళాయిలు, ఫ్యాన్లు చూపించి ఫోటోలు తీశాను. 18,000 అడ్వాన్సులో సున్నానికని 4,000 పట్టుకుంది, 14,000 చేతిలో పెట్టింది. సామాను ఎక్కించిన కుర్రాళ్ళకు ఉగ్గాణి, బజ్జీ మాత్రం ఆమే తెప్పించింది.