మధుపర్కాల తెలుపు పోకుండా ఫోటో తీయడం ఎలా?

పెళ్లి ఫోటోల్లో నన్ను బాగా ఏడిపించినవి మధుపర్కాలు. ఎర్రంచు బాగానే పడుతుంది. తెల్ల నూలే ఒక ఫోటోలో మాసిన గుడ్డలా, ఇంకోదాంట్లో నేత కనబడని సున్నపు గోడలా వస్తుంది. వెలుగు కొలిచే కెమెరా మీటర్‌కి ఏది తెల్లబట్టో, ఏది నల్లకోటో తెలియదు. ఏది చూపించినా మధ్యరకం బూడిద వెలుగులోకి తేవాలని చూస్తుంది.

ముందు మీటరింగ్ మోడ్, అంటే మీటర్ వెలుగు కొలిచే తీరు, చూసుకోండి. కెనాన్‌లో ఎవాల్యుయేటివ్, నికాన్‌లో మ్యాట్రిక్స్, సోనీలో మల్టీ. పేరేదైనా ఫ్రేమంతా చూసి లెక్కగట్టేదే. హడావుడిలో స్పాట్, అంటే ఒక్క చుక్కలోని వెలుగే కొలిచే మోడ్, వద్దు. చుక్క ఓసారి జడ మీద, ఓసారి పంచె మీద పడి వెలుగు ఎగుడుదిగుడవుతుంది.

తర్వాత హైలైట్ అలర్ట్ ఆన్ చేయండి. తీసిన ఫోటోలో తెలుపు కాలిపోయిన చోట, అంటే వెలుగెక్కువై నేత కనబడకుండా పోయిన చోట, మినుకుమినుకుమంటుంది. సోనీలో అయితే జీబ్రా (వెలుగెక్కువైన చోట చారలు చూపే సెట్టింగ్) 100+ పెట్టుకుంటే తీసేముందే గీతలు కనబడతాయి.

అసలు కిటుకు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌లో ఉంది, అంటే మీటర్ లెక్కకన్నా వెలుగు పెంచే (+), తగ్గించే (-) డయల్‌లో. తలంబ్రాల వేళ దగ్గరికెళ్లి ఫ్రేము నిండా తెల్లబట్టే పెట్టారనుకోండి, మీటర్ వెలుగు తగ్గించేస్తుంది. మీరు +1 వైపు తిప్పాలి. అదే జంట చీకటి మండపం ముందు చిన్నగా కనబడుతుంటే మీటర్ ఆ చీకటిని చూసి వెలుగు పెంచుతుంది, బట్ట కాలిపోతుంది. ఇప్పుడు -0.7 కావాలి. బట్ట అదే, డయల్ తిప్పే దిక్కు మాత్రం వేరు. ‘తెలుపుకి ప్లస్’ అని బట్టీ పట్టినవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. పసుపు బియ్యం గింజల కింద నేత గీతలు తెర మీద కనబడేదాకా తగ్గించండి.

ఇక డైనమిక్ రేంజ్, అంటే ఒకే ఫోటోలో నీడలూ తెలుపూ రెండూ నిలిచే హద్దు. సోనీలో డీఆర్ఓ అనే సెట్టింగ్ ముఖ్యంగా జేపెగ్‌లో (కెమెరాయే తయారుచేసిచ్చే మామూలు ఫోటో ఫైల్‌లో) నీడల్ని లేపుతుంది, కాలిన తెలుపుని వెనక్కి తేలేదు. ఫ్యూజీలో డీఆర్400 సెట్టింగ్ అలా కాదు. రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది) తక్కువ వెలుగుతో తీసి, నీడల్ని తర్వాత పైకి లాగుతుంది. అందుకే దానికి ఐఎస్‌ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) మూల ఐఎస్‌ఓకి, అంటే ఆ కెమెరా అసలు స్థాయికి, కనీసం నాలుగింతలుండాలి. ఫ్యూజీ ఎక్స్-టీ4 కెమెరాలో మూల ఐఎస్‌ఓ 160 కాబట్టి 640. మిట్టమధ్యాహ్నం ఆరుబయట పెళ్లికి ఇది బాగా పనికొస్తుంది, సాయంత్రం లైట్లలో డీఆర్200 చాలు.

రా ఫైల్ (జేపెగ్‌గా మార్చని ముడి ఫైల్) తీసేవాళ్లకి ఒక్క మాట: అలర్ట్ జేపెగ్ లెక్కలో వస్తుంది, రాలో ఇంకాస్త వివరం మిగిలుంటుంది కాబట్టి, అంచున కాస్త మినుకుమంటే కంగారుపడక్కర్లేదు.

తలంబ్రాలయ్యాక డయల్ సున్నాకి తెచ్చుకోండి. నేనోసారి -1లో వదిలేసి బంతి భోజనాలన్నీ చీకట్లో తీశాను.