‘మోల్డ్’ అన్న ఇంగ్లీషు మాటను తెలుగులోకి ఎలా తేవాలి?

ఇంగ్లీషులో రొట్టె మీద పట్టేదీ మోల్డే, ఇటుకలు కోసేదీ మోల్డే, తోటలో ఆకులు కుళ్ళి తయారైన నల్లటి మట్టీ మోల్డే. అనువాదం చేసేవారు నిఘంటువులో మొదట కనిపించిన అర్థాన్ని తీసుకుంటే చదివేవారికి విషయం తలకిందులవుతుంది. ఆ పొరపాటు రాకుండా సరైన తెలుగు మాటను ఎంచుకునే పద్ధతి ఇది.

మొదటి మెట్టు: ఇవి మూడు వేర్వేరు మాటలని గుర్తించండి

పోత పోసే మోల్డ్ లాటిన్‌లోని ‘మాడ్యులస్’ నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఆ లాటిన్ మాటకు చిన్న కొలత అని అర్థం. కుళ్ళిన వాటి మీద పెరిగే మోల్డ్‌కు ఉత్తర ఐరోపాలోని నార్స్ భాషతో చుట్టరికం ఉంది. మట్టి అనే అర్థం ఉన్నది అచ్చమైన పాత ఇంగ్లీషు మాట. మూడింటి పుట్టుక వేరు, ఉచ్చారణ మాత్రం కాలక్రమంలో ఒకటైంది. వర్ణక్రమం కూడా సాయం చేయదు, ఎందుకంటే బ్రిటన్‌లో మూడింటికీ ‘యు’ అక్షరం చేర్చి రాస్తారు, అమెరికాలో మూడింటికీ వదిలేస్తారు.

రెండో మెట్టు: వాక్యంలో క్రియను చూడండి

మోల్డ్ పెరుగుతోందా, దానిలో ఏదైనా పోస్తున్నారా, దాన్ని నేలలో కలుపుతున్నారా అని అడిగితే చాలావరకు తేలిపోతుంది. పెరిగేది బూజు, పోసేది అచ్చు, కలిపేది ఆకుల ఎరువు. మోల్డే క్రియగా వచ్చి, మనిషి గురించో రాయి గురించో చెబుతుంటే ‘మలచడం’, ‘తీర్చిదిద్దడం’ సరిపోతాయి.

మూడో మెట్టు: ‘బూజు’ అని రాసే ముందు ఆగండి

తెలుగులో బూజు అంటే శిలీంద్రం (ఫంగస్) ఒక్కటే కాదు. పండుగ ముందు చీపురుతో దులిపే సాలెగూళ్ళ దుమ్మూ బూజే. పచ్చడి జాడీ విషయంలో ఈ రెండర్థాల వల్ల ఇబ్బంది లేదు. గోడ విషయంలో ఉంది, అది ఆరోగ్యానికి సంబంధించినది. అమెరికాలో ఇల్లు అద్దెకు తీసుకున్న తెలుగు కుటుంబానికి వచ్చిన కాగితంలో గోడకు మోల్డ్ ఉందని ఉంటే, దాన్ని ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులకు ‘బూజు పట్టింది’ అని చెబితే వారు ‘దులిపేయండి’ అనే అవకాశం ఎక్కువ. పొడిగా దులిపితే ఆ శిలీంద్రపు బీజాలు గాలిలోకి లేచి ఇల్లంతా వ్యాపిస్తాయి. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ చెప్పేది వేరు: నీటి కారుడును ముందు ఆపాలి, తడిసిన చోటును 24 నుంచి 48 గంటల లోపల ఆరబెట్టాలి, గట్టి ఉపరితలాలను సబ్బునీటితో రుద్ది కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. కాబట్టి ఇటువంటి చోట ‘చెమ్మకు గోడ మీద పెరిగిన బూజు’ అని నాలుగు మాటలు ఎక్కువైనా రాయాలని నా గట్టి అభిప్రాయం.

అన్నం విషయంలో ఇంకో తేడా ఉంది. నిలవ ఉండి చెడిన అన్నం ‘పాచిపోయింది’ అంటాం, బూజు కంటికి కనిపిస్తేనే ‘బూజు పట్టింది’ అంటాం. పైరు విషయంలో జొన్న కంకిని పాడుచేసేది గింజ బూజు తెగులు. ఆకుల మీద తెల్లటి పొడిలా కనిపించేది బూడిద తెగులు, దానిని బూజు అనకూడదు.

వైద్యం గురించి రాసేవారు మరికొంత జాగ్రత్త పడాలి. 1928లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ గమనించినది నిజంగా బూజే. దాని నుంచి వచ్చిన ద్రవాన్ని ఆయన తొలి నెలల్లో ‘బూజు రసం’ అనే పిలిచారు, పెన్సిలిన్ అన్న పేరు 1929లో వచ్చింది. అయితే భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ అనే మందుల సంస్థ ప్రయోగశాలల్లో పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలో బెంజమిన్ డుగ్గర్ కనుగొన్న, 1948లో వెలుగులోకి వచ్చిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ మందు బూజు నుంచి వచ్చినది కాదు. దాని మూలమైన స్ట్రెప్టోమైసిస్ బూజులాగే దారాలు దారాలుగా పెరిగే బ్యాక్టీరియా. పాత రాతల్లో దానిని మోల్డ్ అన్నా, తెలుగులో బ్యాక్టీరియా అనే రాయండి.

నాలుగో మెట్టు: పోత పోసేదైతే, ఆ పని చేసేవారి మాటను పట్టుకోండి

‘అచ్చు’ మంచి మాటే, కానీ చాలా బరువులు మోస్తోంది. అక్షరాల్లో అచ్చులున్నాయి, పుస్తకం అచ్చవుతుంది, దేవుడి పేరున ముద్ర వేసి వదిలినది అచ్చోసిన ఆంబోతు. అందుకే ‘బెల్లం అచ్చు’, ‘ఇటుక అచ్చు’, ‘గులాబీ పువ్వుల అచ్చు’ అని వస్తువును జతచేసి రాయాలి. ఇడ్లీలకు మాత్రం అచ్చు అనరు, ఇడ్లీ రేకులు అంటారు. ఇంటి కప్పుకు కాంక్రీటు పోయడానికి కట్టేది సెంట్రింగు. హైదరాబాదు బాలానగర్‌లో 1968 నుంచి పనిచేస్తున్న కేంద్రీయ పనిముట్ల రూపకల్పన సంస్థ వంటి చోట్ల చదివినవారు డై, మోల్డ్ అనే అంటారు, వారి కోసం రాసేటప్పుడు ఆ మాటలను మార్చనక్కరలేదు. ‘మూస’ అసలు కంసాలి లోహాన్ని కరిగించే చిన్న పాత్ర; ఈనాడు ‘మూస కథలు’ అన్నట్టు తక్కువ చేసి మాట్లాడటానికే ఎక్కువగా వాడుతున్నాం కనుక సాంకేతిక రచనలో దానికి దూరంగా ఉండటం మేలు.

‘అచ్చు గుద్దినట్టు’ అన్న నుడికారం వల్ల అచ్చు అనగానే ఒకేలాంటివి వందలు వస్తాయన్న భావన కలుగుతుంది. ఆదిలాబాదులో లోహపు బొమ్మలు పోత పోసే డోక్రా పనిలో అలా జరగదు. మట్టి ముద్ద మీద మైనపు తీగలతో బొమ్మను తీర్చి, దానిపై మళ్ళీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయి ఏర్పడిన ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. చల్లారాక ఆ మట్టిని పగలగొట్టి బొమ్మను తీస్తారు. ప్రతి బొమ్మకూ కొత్త అచ్చే కనుక ఏ రెండూ ఒకలా ఉండవు. ఇక్కడ ఉత్తి ‘అచ్చు’ బదులు ‘పగలగొట్టే మట్టి అచ్చు’ అని రాస్తే పాఠకుడికి ఆ పని విలువ తెలుస్తుంది.

ఐదో మెట్టు: మిగిలినవాటిని సరిచూడండి

మట్టిని తిరగవేసే మోల్డ్‌బోర్డు నాగలిలో మోల్డ్ అంటే అచ్చు కాదు, మట్టి. తెలుగులో అది రెక్క నాగలి. స్లైమ్ మోల్డ్ అనే జిగురులాంటి జీవి శిలీంద్రాల కోవకు చెందదు కనుక ‘జిగురు బూజు’ అని రాస్తే పక్కన ఒక వివరణ వాక్యం చేర్చాలి.

చివరగా, ఊరి పేరేమో చూసుకోండి. వేల్స్‌లో మోల్డ్ అనే పట్టణం ఉంది. అక్కడ 1833లో దొరికిన కంచుయుగపు బంగారు భుజకవచం ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, దానిని ఆ ఊరి పేరుతోనే పిలుస్తారు. దానిని ‘బంగారు అచ్చు’ చేస్తే రెండు విధాలా తప్పే, ఎందుకంటే ఆ కవచాన్ని ఏ అచ్చులోనూ పోయలేదు, ఒకే బంగారు ముద్దను సుత్తితో సాగగొట్టి చేశారు.