మంచం పట్టినవాళ్లను చూసుకునే మనిషికి లాక్‌డౌన్‌లో ఎలా ఆసరా అవ్వాలి

లాక్‌డౌన్ పెట్టగానే మంచం పట్టిన మనిషి ఉన్న ఇంటికి మొదట ఆయా రావడం మానేస్తుంది. తర్వాత ఫిజియోథెరపీ అబ్బాయి. ఆ తర్వాత నాలాంటి ఆడపడుచులు. పని మాత్రం తగ్గదు, అంతా ఒక్కరి నెత్తిన పడుతుంది. మా ఇంట్లో ఆ ఒక్కరూ మా వదిన. అమ్మకు పక్షవాతంతో కుడివైపు పడిపోయింది. అమ్మ విశాఖపట్నంలోని గోపాలపట్నంలో అన్నయ్య దగ్గర ఉంటే, నేనేమో ఊరికి ఇంకో వైపున్న గాజువాకలో. 2020 కరోనా లాక్‌డౌన్‌లోనూ, 2021 మేలో మధ్యాహ్నం 12 నుంచి మర్నాడు ఉదయం 6 దాకా కర్ఫ్యూ ఉన్నప్పుడూ దూరం నుంచే వదినకు తోడున్నాను. మళ్లీ అలాంటి రోజులొస్తే ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

"ఏమైనా కావాలంటే చెప్పు వదినా" అని ఊరుకోకండి. ఆమె చెప్పదు. ఏం కావాలో ఆలోచించి, ఎవరిని అడగాలో చూసుకోవడం ఆమెకు ఇంకో పని. ఏదో ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా మీరే తీసుకోండి. ఇక దాని గురించి ఆమె తలచుకోనక్కర్లేదన్నట్టు ఉండాలి.

నేను మందులు తీసుకున్నాను. డాక్టరు చీటీ ఫొటో పంపించమని, మాత్ర పేరు, డోసు, రోజుకెన్ని, ఇంట్లో ఇంకా ఎన్ని ఉన్నాయో నోట్‌బుక్‌లో రాసుకున్నాను. వారానికి సరిపడా ఉండగానే వాళ్ల వీధిలోని మెడికల్ షాపుకు ఫోన్ చేసి డబ్బు పంపేసేదాన్ని. డైపర్లు కూడా ఆ లిస్టులోనే. అన్నయ్య ఉదయం కూరలకు వెళ్లినప్పుడు తెచ్చుకునేవాడు. డాక్టరు దగ్గరకు వెళ్లే వీలు లేకపోతే వీడియో కాల్‌లో చూపించండి. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం అలా రాసిచ్చిన చీటీ చెల్లుతుంది, మత్తు కలిగించే కొన్ని మందులకు తప్ప. ఆ కాల్ పెట్టించడం, రిపోర్టులు ముందే పంపడం కూడా మీరే చేయండి.

ఆయాను గేటు దగ్గర ఆపేస్తే అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌తో వాదించే ఓపిక వదినలకు ఉండదు. ఆ ఫోను మీరు చేయండి. వికలాంగులను చూసుకునే సహాయకులకు లాక్‌డౌన్ ఆంక్షల నుంచి మినహాయింపు గానీ, సులువుగా పాసులు గానీ ఇవ్వాలని, శుభ్రత జాగ్రత్తలతో వాళ్లను లోపలికి రానిచ్చేలా అసోసియేషన్లకు తెలియజెప్పాలని కేంద్రం 2020 మార్చిలోనే చెప్పింది. మర్యాదగానే అడగండి, కానీ వదిలిపెట్టకండి.

ఇంట్లో ఉన్న మగవాళ్ల సంగతి. కదల్లేని మనిషిని సుమారు రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి, లేకపోతే వీపు కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. రాత్రంతా ఒక్కరే లేస్తే వారం తిరక్కుండానే వాళ్లూ మంచం పడతారు. ఆఫీసు పని ఇంటి నుంచే చేస్తున్న కొడుకు అర్ధరాత్రి దాకా ఒక వంతు తీసుకోగలడు. ఈ మాట కోడలు అంటే గొడవవుతుంది. ఆడపడుచు అంటే వింటారు. మా అన్నయ్యతో నేనే అన్నాను. డైపరు ఎలా మార్చాలో వదిన ఒక పూట చూపించింది, నేర్చుకున్నాడు.

వదిన స్నానానికీ భోజనానికీ వెళ్లే టైముకు అమ్మకు వీడియో కాల్ చేసేదాన్ని. ఫోను దిండు పక్కన నిలబెట్టి వెళ్లిపోయేది. 2020లో సింహాచలంలో చందనోత్సవం భక్తులు లేకుండానే జరిగింది. అప్పన్న నిజరూప దర్శనం ఎవరికీ లేదా అని అమ్మ రోజూ అడిగేది, నేను రోజూ చెప్పేదాన్ని. చెప్పినంతసేపూ వదిన నెమ్మదిగా తినేది. టైము మాత్రం తప్పకూడదు. ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు చేసే కాల్ ఆమెకు పనికిరాదు.

అత్యవసరం వస్తే ఏం చేయాలో ముందే మాట్లాడి పెట్టండి. 2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నం దగ్గరి ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు జనం ఎటు దారుంటే అటు పరిగెత్తారు. అమ్మ పరిగెత్తలేదు కదా. అన్నయ్యా, పక్కింటి కుర్రాడూ ఆమెను దుప్పటిలో మోసుకొచ్చి ఎదురింటివాళ్ల కారెక్కించారు. ఆ తర్వాత తలుపు పక్కన ఒక సంచీ ఎప్పుడూ ఉంచారు: మూడు రోజుల మందులు, చీటీ కాపీ, ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు, డైపర్లు, నీళ్లు, టార్చి. ఎవరి బండి, ఎవరు మోస్తారు, ఎవరింటికి వెళ్లాలి అన్నది ఒక కాగితం మీద రాసి గోడకు అంటించారు. 108, 104 నంబర్లు కూడా దాని మీదే.

అదే కాగితం మీద ఇంకో పేరు ఉండాలి: చూసుకునే మనిషికే జ్వరమొస్తే ఆ రోజు నుంచి ఎవరు చేస్తారు? అడగడానికి ఇబ్బందిగా ఉన్నా అడగండి. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే ఆక్సీమీటరు కొని పెట్టి ఇద్దరికీ చూడమనండి. ఎప్పుడూ బాగానే ఉండే మనిషికి అది 94 శాతం కన్నా తగ్గితే ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయాలి. చూసుకునే మనిషి ఊరికే ఏడుస్తున్నా, నిద్ర పట్టడం లేదంటున్నా, టెన్షన్ అని కొట్టిపారేయకండి. ఇప్పుడు మానసిక ఇబ్బందులకు ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. మొదటి కాల్‌కు మీరు కూడా లైన్లో ఉండండి.

డబ్బు సంగతి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ మాట్లాడుకుని నెల మొదట్లోనే పంపేయండి, లెక్కలు అడగొద్దు. మందుల లిస్టు రాసేటప్పుడు చివర ఆమె బీపీ మాత్రలు కూడా రాయండి. వదినవి అయిపోయినా ఆమె షాపుకు చెప్పించేది కాదు, అందుకే నా నోట్‌బుక్‌లో ఆమెకు విడిగా ఒక పేజీ పెట్టాను.