కమాండ్ అవుట్‌పుట్ వేరియబుల్‌లో సరిగ్గా రావట్లేదా?

పైథాన్ నుంచి లినక్స్ కమాండ్ నడిపి, దాని అవుట్‌పుట్‌ను వేరియబుల్‌లో పట్టుకునేటప్పుడు వచ్చే తిప్పలివి. ఇంకేం వెతికే ముందైనా ఆ వేరియబుల్‌ను రెప్ర్‌లో (కంటికి కనిపించని అక్షరాలనూ చూపించే పైథాన్ ఫంక్షన్) పెట్టి ప్రింట్ చేయండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్క పనీ చేయరు.

సమస్య: అవుట్‌పుట్ స్క్రీన్ మీదికి వస్తోంది, వేరియబుల్‌లో 0 ఉంది.

ఓఎస్ డాట్ సిస్టమ్ వాడుంటారు. అది తిరిగిచ్చేది కమాండ్ ఎలా ముగిసిందన్న స్టేటస్ మాత్రమే. సబ్‌ప్రాసెస్ డాట్ రన్ వాడి క్యాప్చర్ అవుట్‌పుట్, టెక్స్ట్ రెండూ ట్రూ చేయండి. టెక్స్ట్ మర్చిపోతే స్ట్రింగ్ బదులు బైట్లు వస్తాయి.

సమస్య: ప్రింట్ చేస్తే బాగానే ఉంది, ఇఫ్‌లో పోలిస్తే ఫాల్స్.

అసలు దొంగ వీడే. సిస్టమ్‌సీటీఎల్‌తో ఒక సర్వీస్ నడుస్తోందా అని అడిగారు. ప్రింట్‌లో 'యాక్టివ్' అనే ఉంది. కళ్లలో ఒత్తులు వేసుకుని చూసినా తేడా దొరకదు. రెప్ర్ పెడితే చివర బ్యాక్‌స్లాష్ ఎన్ బయటపడుతుంది. కమాండ్ లైను ముగిస్తూ వేసిన న్యూలైన్ అది. బ్యాష్‌లో డాలర్, బ్రాకెట్లతో పట్టుకుంటే చివరి న్యూలైన్లను షెల్లే కోసేస్తుంది. పైథాన్ ఉన్నది ఉన్నట్టు ఇస్తుంది. "బ్యాష్‌లో పనిచేసిందే!" అని జుట్టు పీక్కునేది ఇందుకే.

ప్రోగ్రామ్ ఎక్కడుందో చెప్పే విచ్ కమాండ్ ఇచ్చిన పాత్‌ను అలాగే ఓపెన్‌కు ఇస్తే ఫైల్ లేదంటుంది. ఎర్రర్‌లో, పాత్ చివర ఆ బ్యాక్‌స్లాష్ ఎన్ రాసే ఉంటుంది. చదివేదెవరు?

రెండు చివర్లా ఖాళీలను, న్యూలైన్లను కోసేసే స్ట్రిప్ కొడితే పోతుంది. కానీ గిట్ స్టేటస్‌ను, మారిన ఫైళ్లను లైనుకొకటిగా ఇచ్చే పోర్సెలిన్ ఆప్షన్‌తో నడిపినప్పుడు మాత్రం కొట్టకండి. అక్కడ లైను మొదట్లోని ఖాళీకీ అర్థం ఉంది. స్ట్రిప్ మొదటి లైనులో దాన్ని మింగేస్తే, నాలుగో అక్షరం నుంచి ఫైలు పేరు తీసుకునే మీ కోడ్‌లో మొదటి ఫైలుకు మాత్రమే ఒక అక్షరం ఎగిరిపోతుంది. మిగతావన్నీ బాగుంటాయి కాబట్టి అనుమానం కూడా రాదు. చివరి వైపు మాత్రమే కోసే ఆర్‌స్ట్రిప్‌కు బ్యాక్‌స్లాష్ ఎన్ ఇచ్చి, చివరి న్యూలైన్లను మాత్రమే తీయించండి.

సమస్య: వేరియబుల్ ఖాళీ.

కమాండ్ ఎస్‌టీడీఎర్‌కు (ఎర్రర్ సందేశాలు వెళ్లే వేరే దారి) రాస్తోందేమో చూడండి. జావా వెర్షన్ అడిగితే, ఒక్క హైఫన్‌తో, అక్కడికే రాస్తుంది.

రంగుల కోడ్‌లు, ఎన్‌కోడింగ్ గొడవలు అరుదు. ప్రోగ్రామ్ కదలకుండా ఆగిపోతే, సబ్‌ప్రాసెస్‌లోని పీఓపెన్‌కు పైప్ (అవుట్‌పుట్ పైథాన్‌కు చేరే గొట్టం) పెట్టి, కమాండ్ ముగిసేదాకా ఆగే వెయిట్ పిలిచుంటారు. లినక్స్‌లో పైప్ మామూలుగా 64 కేబీకి నిండిపోతుంది, ఎవరూ చదవకపోతే కమాండ్ అక్కడే నిలబడుతుంది. వెయిట్ తీసేసి, పైప్‌ను చదువుతూ ఆగే కమ్యూనికేట్ పెట్టండి.